ఐలమ్మ వయసు నూట రెండు

షైని ఎదురు మాట్లాడడం మొదలుపెట్టింది ఏడో తరగతిలో. లాల్‌గడి మలక్‌పేట్ బడికి కొత్తగా వచ్చిన టీచరు హాజరు పుస్తకంలో ఆమె పేరును శైలజ అని రాసుకుంది. పిలిచినప్పుడల్లా షైని లేచి నిలబడేది కానీ పలికేది కాదు. పదకొండు రోజులు అలా గైర్హాజరు పడింది. పన్నెండో రోజు టీచరు విసుక్కుని పేరు కొట్టేసి కొత్తగా రాసింది. ఆ సాయంత్రం తండ్రి జక్కయ్య, "చిన్న ముచ్చటకు గింత పట్టుదల దేనికి బిడ్డా" అని అడిగితే, "చిన్నదైతే ఆమెనే దిద్దొచ్చు గద నాయినా" అంది.

జక్కయ్య మేడ్చల్‌లో విత్తనాల గోదాములో హమాలీల మేస్త్రి. తల్లి ఎలీషమ్మ మిషన్ ఆసుపత్రిలో రక్తం తీయడం నేర్చుకుని, ఇరవై ఏళ్లుగా అదే పనిలో ఉంది. శామీర్‌పేట బస్టాండు వెనక ఒక గదిలో రక్తం సేకరించే సెంటరు నడుపుతోంది. అక్కడ తీసిన నమూనాలు మేడ్చల్‌లోని ఒక ల్యాబుకు పోతాయి. బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసిన షైని ఐదేళ్ల కిందట ఆ ల్యాబులోనే డేటా విభాగంలో చేరింది. ఆ ల్యాబు యజమాని ప్రతాప్. వాళ్లది భూములున్న కుటుంబం. రింగురోడ్డు పక్కన కొంత పొలం అమ్మి మూడంతస్తుల బిల్డింగు కట్టాడు, అందులో ల్యాబు పెట్టాడు. మనిషి చెడ్డవాడు కాడు. తన మాట మీద ఇంకొకరి మాట వస్తే మాత్రం ఓర్చుకోలేడు.

ఆ ల్యాబుకు శామీర్‌పేట, కీసర, కౌకూర్ లాంటి చోట్ల నుంచి ముప్పై ఒక్క సెంటర్లు నమూనాలు పంపుతాయి. సెంటరులో రక్తం తీసి, ట్యూబు మీద బార్‌కోడు అంటించి, పేరు, వయసు, ఫోను నంబరు, చేయాల్సిన పరీక్షలు కంప్యూటర్లో ఎక్కిస్తారు. ట్యూబులు ఐసు డబ్బాలో బండి మీద వస్తాయి. వివరాలు ఒక ఫైలుగా నెట్టు మీద వస్తాయి. ల్యాబులో ఆ రెండూ కలిస్తేనే మిషను పరీక్ష చేస్తుంది. సెంటర్లన్నీ వాడే సాఫ్ట్‌వేరు ఒకటి కాదు, నాలుగు కంపెనీలది. నాలుగు రకాలుగా వచ్చే ఆ ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడమే షైని పని.

మూడేళ్ల కిందట, ఒక వానాకాలం పొద్దున, కీసర నుంచి ఒక పసిబిడ్డ నమూనా వచ్చింది. పుట్టి ఆరు రోజులు. కామెర్ల పరీక్ష. ఫలితం పదకొండు అని వచ్చింది. పుట్టిన మొదటి వారంలో చాలామంది పిల్లల్లో కనిపించే అంకె అది. కానీ రిపోర్టులో ఎర్ర అక్షరాలతో అత్యవసరం అని అచ్చయింది. తల్లిదండ్రులు బిడ్డను గుడ్డల్లో చుట్టుకుని, వానలో ఆటో మాట్లాడుకుని సికింద్రాబాద్ పెద్దాసుపత్రికి పరుగెత్తారు. అక్కడ డాక్టరు రిపోర్టు చూసి, బిడ్డను చూసి, "ఈమెకు ఆరేళ్లా?" అని అడిగాడు.

మర్నాడు ఆ తల్లి ల్యాబుకు వచ్చింది. తిట్టలేదు. కౌంటరు ముందు నిలబడి, "మేము ఆ తొవ్వంతా బిడ్డ సచ్చిపోతదనే అనుకున్నం" అని చెప్పి, రిపోర్టు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

షైని ఆ రోజు అన్నం ముట్టలేదు. ఎక్కడ తప్పు జరిగిందో వెతికింది. నాలుగు కంపెనీల్లో ఒకటి తన సాఫ్ట్‌వేరు మార్చింది. అంతకుముందు వయసుతో పాటు రోజులా, నెలలా, ఏళ్లా అన్నది కూడా పంపేది. ఇప్పుడు ఉత్త అంకె పంపుతోంది. ఆరు అని వస్తే ల్యాబు ప్రోగ్రాము ఆరేళ్లనుకుంది. పెద్ద పిల్లల కొలతతో పసిబిడ్డను కొలిచింది.

ల్యాబు ప్రోగ్రాము రాసింది అన్వేష్. మాదాపూర్‌లో ఆఫీసు, వారానికోసారి మేడ్చల్ వస్తాడు. తెలివైనవాడు, ఓపిక కూడా ఉంది. "ప్రోగ్రాములో ఇంకో తనిఖీ పెట్టేస్తా. సాయంత్రానికి అయిపోతుంది," అన్నాడు.

"ఇప్పటికే ఎన్ని తనిఖీలున్నయి సార్?" అని అడిగింది షైని.

అన్వేష్ లెక్కపెట్టడానికి చూశాడు. రిజిస్ట్రేషన్ దగ్గర కొన్ని, మిషనుకు పంపే దగ్గర కొన్ని, రిపోర్టు అచ్చయ్యే దగ్గర కొన్ని. వయసు ఒక్కదాన్నే మొత్తం పదిహేడు చోట్ల చూస్తున్నారు. వాటిలో కొన్ని తనకు ముందు పనిచేసినవాళ్లు రాసినవి. ఒకచోట ఉన్న నియమం ఇంకోచోట లేదు.

"మనం ఏం చూస్తున్నమో మనకే తెల్వదు. ఇగ పంపేటోళ్లకు ఎట్ల తెలుస్తది?" అంది షైని. "ఫైలు లోపలికి రాకముందే చూడాలె సార్. ఏ గడిలో ఏముండాలె, అంకెనా అక్షరమా, వయసైతే రోజులా ఏండ్లా, అన్నీ ఒక్క కాగితం మీద రాసి నాలుగు కంపెనీలకు ఇద్దాం. గట్ల లేకపోతే ఫైలు తీసుకోవద్దు."

"స్కీమా పెట్టమంటావు."

"అవును."

ఫైలు ఏ రూపంలో ఉండాలో ముందే రాసి పెట్టుకునే ఒప్పందాన్ని వాళ్ల పనిలో స్కీమా అంటారు. అన్వేష్‌కు ఆ సంగతి తెలియక కాదు. "దాన్ని మార్చాలంటే ప్రతిసారీ నాలుగు కంపెనీలనూ ఒప్పించాలి. వారాలు పడుతుంది. మన ప్రోగ్రాములో అయితే మన ఇష్టం," అన్నాడు. ప్రతాప్ కూడా, "అన్వేష్ చెప్పినట్టు చెయ్యి షైనీ, లొల్లి పెట్టకు," అన్నాడు.

షైని లొల్లి పెట్టలేదు. వయసు గడిలో ముప్పై లోపు అంకె ఉన్న ప్రతి నమూనాకూ తనే సెంటరుకు ఫోను చేసి, రోజులా నెలలా ఏళ్లా అని అడిగి, అది రాసుకున్నాకే రిపోర్టు వదలడం మొదలుపెట్టింది. తొమ్మిది రోజులు అలా చేసింది. రిపోర్టులు ఆలస్యమవుతున్నాయని సెంటర్ల నుంచి ప్రతాప్‌కు ఫోన్లు వెల్లువెత్తాయి. పదో రోజు ఆయన అన్వేష్‌తో, "ఆ అమ్మాయి అడిగేదేందో పెట్టెయ్యి, నా చెవులు పోతున్నయి" అన్నాడు.

స్కీమా వచ్చింది. మొదటి వారం ఫైళ్లు తిరిగిపోయాయి, కంపెనీలు గొణిగాయి, దిద్దుకున్నాయి. నెల తిరిగేసరికి పిల్లల వయసు గురించి ఒక్క ఫోను చేయాల్సిన పని లేకుండా పోయింది. షైని మాట నెగ్గింది.

ఇబ్బంది ఆ తర్వాతే మొదలైంది. ఇంత బాగా పనిచేస్తోంది కదా అని ప్రతి నియమాన్నీ స్కీమాలోకి తోయసాగారు. ఇంటిపేరు తప్పనిసరి అన్నారు. వయసు వందకు మించకూడదన్నారు. ఫైలులో ఒక్కరి వివరం తప్పినా మొత్తం ఫైలు వెనక్కి పోవాలన్నారు. ఫోను నంబరు తప్పనిసరిగా పది అంకెలుండాలన్న నియమం మాత్రం షైనిదే. ఫలితం ప్రమాదకరంగా ఉంటే వెంటనే ఫోను చేయాలి కదా, నంబరు లేకపోతే ఎలా అని తనే అడిగి పెట్టించింది.

కిందటి చలికాలంలో ఒక మధ్యాహ్నం ల్యాబు డాక్టరు ఇషిత పరుగులాంటి నడకతో డేటా గదిలోకి వచ్చింది. "కావ్య, ముప్పై నాలుగేళ్లు, కౌకూర్. కిడ్నీ జబ్బుంది. పొటాషియం ఆరు పాయింట్ తొమ్మిది. రెండోసారి కూడా చేశాం, అంతే ఉంది. గుండె ఆగిపోయే అంకె ఇది. వెంటనే ఫోన్ చెయ్."

షైని నంబరు చూసింది. పది తొమ్మిదులు.

సెంటరుకు ఫోను చేస్తే, రక్తం తీసినాయన భోజనానికి వెళ్లాడు, ఎత్తలేదు. చిరునామా గడిలో కౌకూర్ అని మాత్రమే ఉంది. షైని స్కూటీ తీసింది. కొంపల్లి దాకా లారీల మధ్య, అక్కడి నుంచి బొల్లారం వైపు తిరిగి, కౌకూర్ చేరేసరికి ముప్పావు గంట పట్టింది. కిరాణా కొట్లో అడిగింది, మెడికల్ షాపులో అడిగింది. కిడ్నీ జబ్బున్న కావ్య అంటే ఎవరికీ తెలియలేదు. మగ్గం పని చేసే ఒకామె మాత్రం, "బ్లౌజులు కుట్టే కావ్యనా? పాపం, కాళ్లు వాసినయని నిన్ననే అన్నది," అని గల్లీ చూపించింది.

కావ్య మిషను ముందు కూర్చుని ఉంది కానీ కుట్టడం లేదు. చేతులు బరువుగా ఉన్నాయని, పొద్దుటి నుంచి ఛాతీలో ఏదో తడబడుతున్నట్టుందని చెప్పింది. షైని ఆమెను పక్కింటి వాళ్ల కారులో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈసీజీ చూసిన డాక్టరు వెంటనే ఇంజెక్షను తెప్పించాడు. ఆ సాయంత్రానికి కావ్య ప్రాణాపాయం నుంచి బయటపడింది.

రెండు రోజుల తర్వాత షైని చూడబోయి, ఆ నంబరు ఎవరిదని అడిగింది. కావ్య మంచం మీద నుంచి మెల్లగా చెప్పింది.

"నాకు ఫోన్ లేదక్కా. మా ఆయన నంబర్ నోటికి రాదు. లేదని చెప్పిన. లేదంటే కంప్యూటర్ తీసుకోదు, ఏదో ఒకటి ఏస్త అన్నడు రక్తం తీసినాయన."

షైనికి తిరుగు ప్రయాణంలో ఆ మాటే చెవిలో మోగింది. కంప్యూటర్ తీసుకోదు. తీసుకోవద్దని చెప్పింది తనే.

మర్నాడు నాలుగు నెలల ఫైళ్లు తీసి కూర్చుంది. పది తొమ్మిదులున్న నంబర్లు ఆరు వందల పదకొండు. ఇంటిపేరు గడిలో ఉత్త చుక్క పెట్టినవి పంతొమ్మిది వందల పైచిలుకు. సరిగ్గా తొంభై తొమ్మిదేళ్ల వయసున్నవాళ్లు పద్నాలుగు మంది. ఇవన్నీ స్కీమా నిక్షేపంగా ఉన్నాయని ముద్రవేసి లోపలికి పంపినవే.

ఆ కాగితాలు పట్టుకుని ప్రతాప్ గదికి వెళ్లింది. అన్వేష్ కూడా ఉన్నాడు. తన నియమం వల్లే కావ్య నంబరు తప్పు పడిందని ముందే ఒప్పుకుంది. ఫోను గడిలో "లేదు" అని పెట్టే వీలు ఇద్దామంది.

అన్వేష్ తల అడ్డంగా ఊపాడు. "అప్పుడు అందరూ లేదనే పెడతారు. ఒకే అంకె పదిసార్లు వస్తే తీసుకోకుండా స్కీమాలో ఇంకో నియమం రాస్తా."

"ఇంకో దొంగ నంబర్ ఏస్తరు సార్."

"దానికీ రాద్దాం," అన్నాడు ప్రతాప్. "నువ్వే గదమ్మా అప్పుడు గట్టిగ పట్టు అన్నది. ఇప్పుడు ఒదులు చెయ్యమంటున్నవు."

కొత్త నియమం వచ్చింది. వారం తర్వాత ఫైళ్లలో తొమ్మిదులు మాయమయ్యాయి. వాటి స్థానంలో తొమ్మిది ఎనిమిది ఏడు ఆరు అంటూ వరసగా దిగే నంబరు నూట నలభైసార్లు కనిపించింది.

అది జరిగిన నెలకు, ఒక శనివారం, లాల్‌గడి మలక్‌పేట్ చర్చి హాలులో ఎలీషమ్మ రక్తపరీక్షల క్యాంపు పెట్టింది. ముప్పై ఎనిమిది మంది వచ్చారు. అందరికంటే ముందు వచ్చి కుర్చీలో కూర్చున్నది ఐలమ్మ. ఆధార్ కార్డు మీద ఆమె పుట్టిన సంవత్సరం 1923 అని ఉంది. వినికిడి తగ్గింది కానీ నడుం వంగలేదు. సూది గుచ్చుతుంటే, "దొరుకుతాందా బిడ్డా నరం? దొరక్కుంటే ఇంకో చెయ్యి గూడ ఉన్నది," అంది.

ఎలీషమ్మ అందరి వివరాలు ఎక్కించి ఫైలు పంపింది. నిమిషంలో వెనక్కి వచ్చింది. ముప్పై ఎనిమిది మందిదీ. ల్యాబుకు ఫోను చేస్తే డేటా గదిలో షైని పక్కన కూర్చునే సృజన ఎత్తింది. స్పీకరులో పెట్టి తెరను చూసింది.

"ఆంటీ, ఒక్కరి వయసు వంద దాటింది, ఫోను నంబరూ లేదు. దానికే తిప్పి పంపింది. తొంభై తొమ్మిది వెయ్యండి, నంబరు ఏదో ఒకటి కొట్టండి, వెళ్లిపోతది."

"ఆమెకు నూట రెండు."

"తెలుసాంటీ. కంప్యూటర్ కోసం."

"కంప్యూటర్ కోసం ఆమె మూడేండ్లు నేనెట్ల కోస్త బిడ్డా? ఆ ముసలామె నా ముంగట్నే కూసున్నది. ఏం రాస్తున్నవని అడిగితే ఏం జెప్పాలె?"

సృజన షైని వైపు చూసింది. షైని ఫోను అందుకుంది.

"అమ్మా, నూట రెండే ఉంచు. ట్యూబులతో పాటు కాగితం ఫారాలు కూడా డబ్బాలో పంపు. నేను చూసుకుంట."

ట్యూబులు మధ్యాహ్నం రెండింటికి వచ్చాయి. రక్తాన్ని ఎక్కువసేపు అలాగే ఉంచితే ఫలితాలు చెడిపోతాయి. షైని మొదట వాటిని మిషనులో తిప్పి సీరం వేరు చేయించింది. తర్వాత, నెట్టు పడిపోయినప్పుడు వాడుకునేందుకని ఉంచిన విండోను కంప్యూటర్లో తెరిచింది. అందులో నేరుగా ల్యాబు ప్రోగ్రాములోకి చేత్తో ఎక్కించవచ్చు. స్కీమా అడ్డం రాదు. ఒక్కొక్క ఫారం చూసి ముప్పై ఎనిమిది మందినీ ఎక్కించింది. ఐలమ్మ వయసు నూట రెండు అని కొట్టింది. ఆమె ఫోను గడి ఖాళీగా వదిలి, పక్కన "ఫోను లేదు, శామీర్‌పేట సెంటరు ఎలీషమ్మకు చెప్పాలి" అని రాసింది. సాయంత్రం ఆరింటికల్లా రిపోర్టులు వెళ్లిపోయాయి.

సోమవారం ప్రతాప్ పిలిచాడు. బల్ల మీద ఒక ఉత్తరం టైపు చేసి పెట్టి ఉంది. నియమం దాటి వివరాలు ఎక్కించినందుకు క్షమాపణ కోరుతున్నానని, ఇకముందు అలా చేయనని అందులో ఉంది.

"సంతకం పెట్టు, అయిపోతది," అన్నాడు.

"తప్పేం చేసిన సార్?"

"మూడేండ్ల కింద ఈడ్నే నిలవడి ఏమన్నవు? రూపం తప్పితే ఎవ్వలదీ రానియ్యొద్దన్నవు. ఇయ్యాల నువ్వే దొడ్డి దారి తీసినవు. రేపు ముప్పై ఒక్క సెంటర్లోళ్లు నాకో ఐలమ్మ ఉన్నదంటరు. అప్పుడు నీ స్కీమా ఎందుకు?"

ఆ మాటలో నిజముందని షైనికి తెలుసు. శని, ఆదివారాలు తనను తాను ప్రశ్నించుకున్నది అదే.

"వయసు అంకెలల్ల ఉండాలె, రోజులా ఏండ్లా చెప్పాలె అన్న సార్. అది రూపం. అది ఇప్పటికీ తప్పొద్దు. మనిషి నూట రెండేండ్లు బతకొచ్చా లేదా అన్నది రూపం కాదు. అది గేటు కాడ తేల్చే ముచ్చట కాదు. లోపలికి రానిచ్చి, ఇది నిజమేనా అని ఒక మనిషిని అడగాలె. మనం అడుగుతలేం, తరుముతున్నం. తరిమితే జనం అబద్ధం రాస్తున్నరు. దానికి మనం సరే అని ముద్ర ఏస్తున్నం."

"మనిషిని అడగాలంటే మనుషులు కావద్దా? రోజుకు ఎన్ని అడుగుతవు?"

"ఎన్నుంటే అన్ని."

డాక్టరు ఇషితకు ఏదో సంతకం కావాల్సి గదిలోకి వచ్చి, ఈ మాటలు విని ఆగింది. "సార్, ఒక్క మాట. నంబరు లేదని ఉంటే నేను ఇంకో దారి వెతుక్కుంటా. తొమ్మిదులుంటే నంబరు ఉందనుకుని నిశ్చింతగా ఉంటా. కావ్య విషయంలో జరిగింది అదే," అని చెప్పి కాగితం తీసుకుని వెళ్లింది.

ప్రతాప్ ఉత్తరాన్ని ముందుకు జరిపాడు. షైని కలం తీసుకుంది. సంతకం గీత కింద ఇలా రాసింది: "ముప్పై ఎనిమిది మంది వివరాలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. మళ్లీ ఇలాంటి పరిస్థితి వస్తే మళ్లీ ఎక్కిస్తాను. షైని, జక్కయ్య కూతురు." తేదీ వేసి ఇచ్చింది.

మర్నాటి నుంచి ఆమెను డేటా గది నుంచి తీసేసి, కింద నమూనాలు దించుకునే గదికి వేశారు. ఐసు డబ్బాలు తెరవడం, ట్యూబులు లెక్కపెట్టి స్టాండులో పెట్టడం. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. ఉద్యోగం మానెయ్యమని జక్కయ్య అన్నాడు. "తీసేస్తే పోత నాయినా. నా అంతట నేను పోను," అంది.

ఎలీషమ్మ బిడ్డకు ఏమీ చెప్పలేదు. నెల తిరిగి ఐలమ్మకు మళ్లీ పరీక్ష పడింది. నూట రెండు అనే పంపింది. ఫైలు తిరిగొచ్చింది. కాగితం ఫారాలు డబ్బాలో పెట్టింది. ఆ పొద్దుటే సెంటర్లవాళ్ల వాట్సాప్ గ్రూపులో తన గొంతు రికార్డు చేసి పెట్టింది.

"నేను ఇరవై ఏండ్ల సంది రక్తం తీస్తున్న. ఒకరి ట్యూబు మీద ఇంకొకరి పేరు ఏనాడూ రాయలే. వయసైనా, ఫోన్ నంబరైనా అంతే. నేనైతే ఇగ అబద్ధం కొట్ట. ఫైలు తిరిగొస్తే రానీయ్. కాయితం మీద నిజం రాసి డబ్బల పెడుత. పైలం, మీరు గూడ కాయితం పెట్టకుండ ట్యూబులు పంపకుండ్రి, పేషంట్లు ఆగమైతరు."

కీసరవాళ్లు మొదట ఒప్పుకున్నారు. కౌకూర్ సెంటరాయన, కావ్యకు తొమ్మిదులు వేసిన మనిషి, "నేను గూడ" అని రెండు ముక్కలు పెట్టాడు. తర్వాతి సోమవారం ముప్పై ఒక్క ఫైళ్లలో పంతొమ్మిది తిరిగిపోయాయి. ప్రతి డబ్బాలోనూ కాగితాలు వచ్చాయి. కింద గదిలో షైని ట్యూబులు దించుతూ, ఒక్కొక్క కట్టా తీసి పైకి పంపింది. ఇంటిపేరు లేదు. ఫోను లేదు. వయసు సుమారు అరవై, తెలియదు. మొదటిసారి ఆ ఫారాల్లో ఉన్న మనుషులు ఉన్నట్టుగా కనిపించారు ఆమెకు.

పైన నలుగురు కూర్చుని ఆ రోజంతా చేత్తో ఎక్కించారు. మంగళవారం కూడా అంతే. బుధవారం ప్రతాప్ తనే మెట్లు దిగి వచ్చాడు.

"మీ అమ్మకు చెప్పి ఆపించు."

"ఆమె నా మాట వినది సార్. నేనే ఆమె లెక్క తయారైన."

ప్రతాప్ ఒక ఐసు డబ్బా మూత తీసి అందులోని కాగితాల కట్ట చూశాడు. "అన్వేష్ పైన ఉన్నడు. పోయి కూసో. ఏం కావాల్నో రాయి," అన్నాడు. ఉత్తరం సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు.

నాలుగు రోజులు కూర్చున్నారు షైని, అన్వేష్. ఉన్న నియమాలన్నీ ఒక్కొక్కటిగా తీసి మాట్లాడుకున్నారు. పంపేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ మధ్య ఎన్నటికీ మారనివి స్కీమాలో ఉంచారు. బార్‌కోడు ఉండాలి, వయసుకు రోజులో ఏళ్లో ఉండాలి, పరీక్ష పేరు కాకుండా కోడు ఉండాలి. ఫోను గడిలో నంబరు గానీ, "లేదు" అన్న మాట గానీ ఉండాలి. లేదంటే ఎవరికి చెప్పాలో ఉండాలి. ఇంటిపేరు ఐచ్ఛికం. ఒకరిది తప్పితే ఆ ఒక్కరిదే ఆగాలి, మిగతావాళ్లది సాగాలి. వంద దాటిన వయసు, రాని ఇంటిపేరు, అనుమానపు నంబరు లాంటివన్నీ ప్రోగ్రాములోకి పంపారు. అక్కడ అవి అడ్డుపడవు, అడుగుతాయి.

అన్వేష్ ఒక షరతు పెట్టాడు. "ఈ నియమాలన్నీ ప్రోగ్రాములో ఒకే చోట ఉండాలి. అందరికీ కనిపించాలి. లేకపోతే మళ్లీ పదిహేడు చోట్లకి పోతాం." షైని వెంటనే ఒప్పుకుంది. అతను ఆ షరతు పెట్టకపోతే తనే పెట్టేది.

కష్టం తీరిపోయిందని కాదు. ఇప్పుడు రోజూ పొద్దున డెబ్బై దాకా హెచ్చరికలు ఆమె తెర మీద ఉంటాయి. ఒక్కొక్కటీ చదివి, ఫోను చేసి, తేల్చాలి. ఎన్నుంటే అన్ని అన్నది తనే కాబట్టి సణగడానికి లేదు. సృజన సాయపడుతుంది.

మొన్న మార్చిలో తప్పు జరగనే జరిగింది. శామీర్‌పేట నుంచి కాదు, వేరే సెంటరు నుంచి, నవీన్ అనే అతని షుగరు నమూనా వచ్చింది. రక్తం తీసిన సమయం, ల్యాబుకు చేరిన సమయం తర్వాత ఉన్నట్టు పడింది. తీయకముందే ట్యూబు చేరినట్టు. ప్రోగ్రాము హెచ్చరించింది. అది ఆ పూట అరవై మూడో హెచ్చరిక. షైని తేదీ పొరపాటనుకుని వదిలేసింది. నిజానికి అది సెంటరులో ముందురోజు తీసి మరిచిపోయి, మర్నాడు బండికి ఇచ్చాక కొత్త సమయం వేసి ఎక్కించిన ట్యూబు. రక్తం నిలవ ఉండడంతో షుగరు తక్కువగా వచ్చింది. అతను ఆ పూట మాత్ర వేసుకోలేదు. అతని డాక్టరుకు అనుమానం వచ్చి మళ్లీ పరీక్ష చేయిస్తే గానీ సంగతి బయటపడలేదు.

షైని నవీన్ ఇంటికి వెళ్లి, ఆ హెచ్చరికను వదిలేసింది తనేనని చెప్పి వచ్చింది. తర్వాత ప్రతాప్ గదిలోకి ఎవరూ పిలవకుండానే వెళ్లింది.

"చూసినవా," అన్నాడాయన. "గేటు కాడ స్కీమా మునుపటి లెక్క గట్టిగ ఉంటే ఆపుతుండె."

"ఆపకపోతుండె సార్. స్కీమా ఫైలు రూపం చూస్తది. ట్యూబు ఎప్పుడొచ్చిందో ఆ ఫైల్ల ఉండదు, మన గడియారంల ఉంటది. అది ప్రోగ్రామే చూడాలె. చూసింది, నాకు చెప్పింది గూడ. నేనే ఒదిలేసిన."

"మరేం చేస్తవు?"

"సమయం తప్పితే ఇగ అడగదు, ఆపేస్తది. పొద్దున్నే మార్పించిన. తప్పు నాది, రాసి కూడా ఇస్త. సంతకం కూడా పెడుత. దీన్ని అడ్డం పెట్టుకుని ఫోన్ లేనోళ్లను మల్ల గేటు బయట నిలబెడుతనంటే మాత్రం ఒప్పుకోను."

ప్రతాప్ అన్నాడు, "రాసియ్యి. తప్పు ఏందో, మార్పు ఏందో. రెండూ."

షైని అక్కడే నిలబడి తెల్లకాగితం అడిగింది.